నడుం పట్టేసిన త్రీ పాయింట్ స్టాన్స్

పైపు ఎత్తితే నడుం పట్టేసిందని మీకు చెప్పినా గదా, అది అబద్ధమప్పా. జరిగింది వేరే. నవ్వుకుంటే నవ్వుకోండి, చెప్తా.

క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే గ్యాంగుకు నేను మేస్త్రీని గదా. నా పెండ్లాం సుజాత గూడా ఆ గ్యాంగులోనే. టీ టైములో నేను వయసులో ఆడిన కబడ్డీ సంగతులు చెప్పడం, అందరూ చుట్టూ కూచోని వినడం మామూలు. పోయిన నెల బెంగళూరు నుంచి నిఖిల్ అని కొత్త ఇంజనీరు వచ్చినాడు. అంతే, నా కబడ్డీని అడిగే దిక్కు లేదు.

ఆ పిల్లోడు కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినాడంట. పేరుకు ఫుట్‌బాలే గానీ, బంతిని చంకలో పెట్టుకోని పరిగెత్తే ఆట. మొదలయ్యే ముందర ఎట్ల నిలబడాలో షెడ్డు ముందర చేసి చూపించినాడు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, ముందుకు వంగి ఒక చెయ్యి నేలకు ఆనించినాడు. తల మాత్రం పైకి. "రెండు కాళ్లు, ఒక చెయ్యి. అందుకే త్రీ పాయింట్ స్టాన్స్," అన్నాడు.

సుజాత పక్కనున్న రత్నమ్మతో అంటాది, "ఆ వీపు చూడక్కా, నీళ్ల చెంబు పెట్టినా తొణకదు."

పెండ్లయి ఇరవై ఏండ్లయింది. నా వీపు గురించి ఒక్క మాట అన్నది లేదు.

మూడు రోజులు ప్యానెళ్ల వరసల మధ్య ఎవరికీ కనపడకుండా ప్రాక్టీసు చేసినా. నాలుగో రోజు టీ టైములో, "ఇదేమన్నా పెద్ద విద్యనా సార్?" అని అందరి ముందర వంగినా. చెయ్యి నేలకు ఆనిందో లేదో, నడుములో టక్కుమనింది.

నిఖిల్ ముఖం వెలిగిపోయింది. "సూపర్ అన్నా. వీపు ఎంత చదునుగా ఉందో చూడండి. కదలకుండా అట్లే ఉండన్నా."

కదలాలన్నా కదిలేదెట్ల? నన్ను చూపించుకుంటూ అందరికీ పాఠం చెప్పినాడు. ఫోటో తీసినాడు. వాళ్లు చప్పట్లు కొట్టినారు. నిజం చెప్తున్నా, ప్రాణం పోతున్నా సంతోషంగానే ఉండె. అందుకే నోరు తెరవలే.

టీ టైము అయిపోయి అందరూ పనికి పోయినారు. సుజాత వెనక్కి తిరిగి చూసింది.

"ఏమబ్బా, ఇంగ లేయి."

"కొంచేపు ఉంటాలే."

"ఎందుకు?"

"ప్రాక్టీసు."

దగ్గరికొచ్చి, వంగి నా ముఖం చూసింది. "పట్టేసిందా?"

"ఊఁ."

"ఉండు, నిఖిల్ సార్‌ను పిలుస్తా."

"ఎవర్నైనా పిలువు, వాన్ని మాత్రం పిలవద్దే."

పిలిచింది. వాడు పరిగెత్తుకుంటా వచ్చి, చంకల కింద చేతులు పెట్టి, పసిబిడ్డను లేపినట్ల మెల్లగా లేపినాడు. తన కారులోనే పావగడ డాక్టరు దగ్గరికి తీసుకపోయినాడు. దారి పొడుగునా నేను మూలుగుతా ఉంటే సుజాత అంటాది, "ఎంత మంచి పిల్లోడబ్బా."

డాక్టరు నెల రోజులు బరువులు ఎత్తొద్దన్నాడు. నిఖిల్ నాకోసం షెడ్డు నీడన కుర్చీ వేయించినాడు. ఇప్పుడు సాయంత్రం పని అయినాక గ్యాంగంతా ఆ ఆట నేర్చుకుంటా ఉండారు, సుజాతతో సహా. వాళ్లంతా వంగి రెడీ అయినాక విజిల్ ఊదే డ్యూటీ నాది.