ఎడమకు అయిదు, కుడికి నాలుగు

మనవరాలి కొత్త బూట్ల పెట్టె మూత తీయగానే రబ్బరు వాసన గుప్పుమంది. వరలక్ష్మి టీచరు గారు గుర్తొచ్చారు. అరవైల మొదట్లో నూజివీడులో మా ఆడపిల్లలకు డ్రిల్లు చెప్పిన మనిషి ఆవిడ. చీరకొంగు బొడ్లో దోపి, ఈల నోట్లో పెట్టుకుని మాతోపాటే పరిగెత్తేవారు. మెల్లగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. నాకేమో గుట్టు ఎక్కువ. అందులో పెద్ద గుట్టు నా ఎడమ పాదం. కుడిదాని కంటే బొటనవేలి గోరంత పొడుగు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

బందరులో జరిగే జిల్లా పోటీల్లో పరుగుపందేనికి టీచరు గారు నన్ను ఎంపిక చేశారు. అక్కడి గ్రౌండంతా కంకర, బూట్లు లేనిదే కుదరదన్నారు. బెజవాడ తీసుకెళ్లి కొట్లో కూర్చోబెడితే, నేను కిక్కురుమనకుండా రెండు కాళ్లకూ నాలుగో నంబరే తొడుక్కున్నాను. ఎడమ వేళ్లు ముడుచుకుపోయి ప్రాణం పోతోంది. ఆవిడ మామిడిపండు నొక్కి చూసినట్టు బూటు ముందుభాగం నొక్కి చూశారు. అంతే, కొట్టంతా వినబడేలా, "మా అమ్మాయికి ఎడమకి అయిదు, కుడికి నాలుగు ఇవ్వండి" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. జత విడగొట్టనని కొట్టాయన మొండికేశాడు. చివరికి అయిదో నంబరు జతే కొని, కుడి బూటులో వరిగడ్డి కుక్కాం. మా ఊళ్లో గడ్డిలో పెట్టి మాగబెట్టేది మామిడికాయల్ని కదా, కాలు ఎప్పటికి పండుతుందే అని స్నేహితురాళ్లు ఒకటే ఏడిపించారు. నాకూ నవ్వొచ్చింది కానీ బూటు మాత్రం జారుతూనే ఉంది.

బందరులో పొద్దున్నే వరండా కింద బూట్లు విడిచి టిఫిన్లకు కూర్చున్నాం. అందరివీ తెల్ల కాన్వాసు బూట్లే. ఈల వినబడగానే పరుగున వచ్చి, చేతికందినవి తొడుక్కుని వెళ్లి, మొదటి పందెంలో నేనే ముందొచ్చాను. కుడి బూటు ఒక్కసారీ జారలేదు. గడ్డి సర్దుకుందనుకున్నాను. ఇంతలో బాపులపాడు పిల్ల సరోజ, గడ్డి కుక్కిన నా బూటు చేత్తో పట్టుకుని, తన బూటు వెతుక్కుంటూ వచ్చింది. నా కుడికాలికి ఉన్నది ఆమెదే, నాలుగో నంబరు.

ఇచ్చెయ్యమన్నారు టీచరు గారు. ఇంకాసేపట్లో ఫైనల్. ఇచ్చేస్తే ఓడిపోతానండీ అని ఏడుపు మొహం పెట్టాను.

"ముందు ఇచ్చెయ్యి. ఆ తర్వాత కావాలని అడుగు. నీ నోటితో నువ్వే అడగాలి తల్లీ, నేను అడగను" అన్నారు. ఆవిడ మెల్లగా మాట్లాడగా వినడం అదే మొదలు.

బూటు విప్పి ఇచ్చాను. "నా కాళ్లు రెండూ ఒక సైజు కాదు. ఫైనల్ అయ్యేదాకా నీ కుడి బూటు ఇస్తావా?" అన్నాను.

సరోజ వంగి నా పాదాలకేసి చూసింది. నేను భయపడ్డట్టు వెక్కిరించలేదు. "నాది సాయంత్రం లాంగ్‌జంప్. అందాకా వేసుకో" అని బూటు నా చేతిలో పెట్టింది. పందెం గీత పక్కన ఒంటి బూటుతో నిలబడి నాకోసం గొంతు చించుకుంది. నేను రెండో స్థానంలో వచ్చాను. టీచరు గారి సంబరం చూస్తే, మొదటొచ్చిన పిల్లకు తను నిజంగా గెలిచిందా అని అనుమానం వచ్చి ఉంటుంది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడగాల్సొస్తే నాకు మొహమాటమే. అయినా అడిగేస్తాను. లేదన్నవాళ్లు లేకపోలేదు గానీ, నాకు ఎదురైనవాళ్లలో సరోజలే ఎక్కువ.