నీ ఇష్టం

మేనేజరమ్మ గొంతు ఎలాంటిదంటే, కుట్టు మిషన్లన్నీ ఒక్కసారే తిరుగుతున్నా వీధి మలుపులో టీ కొట్టు దాకా వినబడేది. ఆ గొంతుకు జడిసి ఇద్దరమ్మాయిలు వరసగా పని మానేశారు. ఓనరు పిలిచి, "ఇంకొక్కరు మానేస్తే నువ్వూ మానెయ్యమ్మా" అన్నాడు. అదే షాపులో దారాలు కత్తిరించే పని నుంచి మేనేజరు కుర్చీ దాకా వచ్చిన మనిషి, ఇప్పుడెక్కడికి పోతుంది?

అప్పటి నుంచి మనిషికో తీరు మొదలుపెట్టింది. కొత్తగా చేరిన పిల్ల పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నెమ్మదిగా చెప్పింది. కాలర్లు కుట్టే బద్ధకస్తుణ్ణి "మా నాయన కదూ, భోజనం లోపు ఈ కట్ట పూర్తి చెయ్యి" అని బుజ్జగించింది. చెప్పొద్దూ, లోపల ఒళ్లు మండిపోయేది. అయినా పళ్ల బిగువున నవ్వింది.

ఇక కటింగ్ బల్ల దగ్గర పెద్దక్క. మేనేజరమ్మకు కత్తెర పట్టడం నేర్పిందే ఆవిడ. అంతటి మనిషికి నేను చెప్పేదేముంది, ఆవిడకే వదిలేస్తే గౌరవంగా ఉంటుంది అనుకుంది.

ఆస్పత్రి కోట్లకు గుడ్డ వచ్చింది. పెద్దక్క సుద్దముక్క పట్టుకుని అడిగింది.

"జేబులు గుండ్రంగా కొయ్యనా, చదరంగానా?"

"నీ ఇష్టం పెద్దక్కా."

"ముందు చిన్న సైజులు కొయ్యనా, పెద్దవా?"

"అదీ నీ ఇష్టమే."

పెద్దక్క సుద్దముక్క బల్ల మీద పడేసి, గుడ్డ మడతపెట్టేసింది. సాయంత్రం వెళ్తూ, ఎప్పుడూ బల్ల మీదే వదిలే తన కత్తెరను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సొంత కత్తెర ఇంటికి పోయిందంటే మనిషి మళ్లీ రాదని అక్కడ అందరికీ తెలుసు.

మేనేజరమ్మ పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏమైంది పెద్దక్కా? నేనేమన్నానని?"

"ఏమీ అనలేదు, అదేగా! ఆ పిల్ల పక్కన కూర్చుంటావు, వాడితో నవ్వుతావు. నాకు మాత్రం 'నీ ఇష్టం' అంటావు. మా ఇంట్లో ఆయన ఆ మాటన్నాడంటే ఇక నాతో మాటల్లేనట్టే."

"ఓరి దేవుడా! గౌరవంగా అన్నాను తల్లీ!"

"నీ గౌరవం నువ్వే ఉంచుకో. పొమ్మనాలనుంటే తిన్నగా చెప్పు."

అంతే, ఇన్నాళ్లూ నొక్కిపెట్టిన గొంతు కట్టలు తెంచుకుంది. "బుద్ధుందా నీకు? నిన్ను నేను పొమ్మంటానా? నువ్వు పోతే నా ఉద్యోగం పోతుంది, అది అలా ఉంచు, నువ్వు లేకుండా ఆ గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే నాకు చేతులు వణుకుతాయి! తియ్యి, బయటికి తియ్యి కత్తెర!"

మలుపులో టీ కొట్టువాడు తలెత్తి చూశాడు. వెనకాల కొత్తపిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఖర్మ, రేపు దీన్ని మళ్లీ మొదట్నుంచి బుజ్జగించుకోవాలి.

పెద్దక్క మొహం మాత్రం విప్పారింది. "హమ్మయ్య, ఇప్పుడు మనిషిలా మాట్లాడావు" అంటూ కత్తెర తీసి బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే ప్రశ్న. "జేబులు గుండ్రంగానా, చదరంగానా?"

మేనేజరమ్మ నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, బాగా ఆలోచించి, "గుండ్రంగా" అంది.

"నీ మొహం! చదరంగా ఉంటేనే బాగుంటాయి" అని పెద్దక్క చదరంగా కోసేసింది.