అంకుల్ ప్రార్థనలో అమెరికా నాయకుడు

మంగళవారం పొద్దున మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో అంకుల్ పోయారన్న కబురు వచ్చింది. గుండె ఆగిపోయిందట. మధ్యాహ్నానికల్లా సందేశాలు వరసకట్టాయి. శాంతమూర్తి అని ఒకరు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అని ఇంకొకరు. చదువుతుంటే ఒళ్లు మండింది. అంకుల్ శాంతమూర్తి కారు. ఆయనకు కోపం ఉండేది, ఆ కోపానికి కారణమూ ఉండేది. పోయిన మనిషి దగ్గర్నుంచి దాన్ని కూడా లాగేసుకుంటారా?

నేను మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చినప్పటి నుంచి నన్ను ఆదివారం ఆరాధనకు కారులో తీసుకెళ్లింది అంకుల్, ఆంటీలే. ఆంటీ హాస్పిటల్లో నర్సు. అంకుల్ విశాఖలో ఉక్కు పని నేర్చుకుని, ఇక్కడ ఒక చిన్న స్టీల్ కంపెనీలో ఫర్నేస్ దగ్గర పనిచేసేవారు. ఎంత చలిలోనూ కారులో హీటర్ వేయనిచ్చేవారు కాదు. "వారమంతా ఫర్నేస్ కాడే కదమ్మా, ఈ కాసేపైనా సల్లగా ఉండనీ" అనేవారు. వెనక సీట్లో నేను కోటు మీద శాలువా కప్పుకునేదాన్ని.

ఫెలోషిప్‌లో దేశాల్నీ ఊళ్లనీ ఏలే అధికారుల కోసం ప్రార్థించే వంతు ఆయనది. "ప్రభువా, అధికారులను జ్ఞాపకము చేసికొనుము" అని నిండు గ్రాంథికంలో మొదలుపెట్టేవారు. కాస్త ముందుకెళ్లగానే విశాఖ యాస వచ్చేసేది. ఊరి కౌన్సిల్ లైబ్రరీని వారంలో సగం రోజులు మూసేస్తే, దేవుడికి తెలియదేమో అన్నట్టు అదీ విడమర్చి చెప్పేవారు.

ఆ రోజుల్లో అమెరికా నాయకుడొకాయన ఫ్యాక్టరీలు వెనక్కి తెస్తానని, బయటివాళ్లు మన పనులు దోచుకున్నారని సభలన్నిట్లో చెప్పేవాడు. అంకుల్ ఆ ప్రసంగాలు ఫోన్లో శ్రద్ధగా వినేవారు.

"ఊరికి ఫ్యాక్టరీ ఉండాలన్నాడు సూడు, అది నిజమేనమ్మా. ఆ నిజాన్ని ముందెట్టి ఎనకాల అబద్ధమంతా అమ్మేస్తన్నాడు" అనేవారు.

తర్వాత అమెరికా బయటి దేశాల ఉక్కు మీద సుంకం వేసింది. అంకుల్ వాళ్ల ఉక్కు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. ఆర్డర్లు పోయాయి, డ్యూటీ రోటాలో షిఫ్టులు పోయాయి, కొత్తగా చేరినవాళ్లను ఇంటికి పంపేశారు. అన్నాళ్లూ పక్కన కూర్చుని టీ తాగినవాడే క్యాంటీన్‌లో అంకుల్‌తో, మీలాంటివాళ్లు రాబట్టే మా పనులు పోతున్నాయన్నాడట.

"అక్కడేమో నేను సేసిన ఉక్కు దొంగంట. ఇక్కడేమో నేనే దొంగంట" అన్నారు ఆంటీతో, నా ముందే.

ఆ ఆదివారం ప్రార్థనలో గ్రాంథికం లేదు. "ప్రభువా, ఆ అమెరికా ఆయన పని పోయినోడికి ఇంకో పనోణ్ణే దొంగని సూపిస్తన్నాడు. పని తీసేసినోళ్ల పేరు ఒక్కపాలైనా సెప్పడేటి? నువ్వే అడుగు." ఆ పై ఆదివారాల్లోనూ అదే ప్రశ్న. చివరికి పాస్టర్‌గారు పక్కకు పిలిచి, "బ్రదర్, ప్రార్థనలో రాజకీయాలొద్దు" అన్నారు.

"అధికారుల కోసం ప్రార్థించమని నాకిచ్చింది మీరే కదండీ? ఆళ్లేటి సేస్తన్నారో సెప్పకుండా ఎలాగండీ?"

వంతు మరొకరికి వెళ్లింది. అంకుల్‌కు కుర్చీలు సర్దే పని ఇచ్చారు. ఆరాధన త్వరగా ముగుస్తోందని కొందరు సంతోషించారు కూడా. తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే. ఉన్న బాధను దేవుడితో చెప్పుకోవడానికి కూడా మర్యాద అడ్డం వస్తుందా? ఆయన మాత్రం కుర్చీలు వరస తప్పకుండా సర్దేవారు. కారెక్కాక ఆ ప్రశ్న మళ్లీ మొదలయ్యేది.

మొన్న ఆదివారం జ్ఞాపకార్థ కూటంలో పాస్టర్‌గారు కూడా శాంతమూర్తి అనే అన్నారు. అధికారుల ప్రార్థన వచ్చింది. కొత్త బ్రదర్ అందరికీ జ్ఞానం ఇమ్మని మెత్తగా అడిగి ముగించబోతుండగా ఆంటీ లేచారు. ఇన్నేళ్లలో ఆమె పైకి ప్రార్థించడం ఎవరూ వినలేదు.

"ప్రభువా, ఆ అమెరికా ఆయన గురించి మా ఆయన అడిగింది నీకు గుర్తుంది. జవాబు ఇంకా రాలేదు. ఇక నుంచి నేనడుగుతాను."

అని కూర్చున్నారు. ఆమేన్ అనలేదు. ఆమేన్ వినకుండా కళ్లెప్పుడు తెరవాలో మాకెవరికీ తెలియలేదు. ఎవరో హడావుడిగా వేసిన వంకర కుర్చీల వరసల్లో, తలలు వంచుకుని అలాగే కూర్చుండిపోయాం.