మూత తెరవకుండా చుట్టిన రీలు

నా చిన్నప్పుడు మా తాతయ్య నమ్మిన మనిషి కారంపూడిలో లేడు. పొరుగూళ్ళ నుంచి అలాంటివాడు వచ్చినట్టూ దాఖలా లేదు. ఆయనది మిర్చి కొట్టు. రైతు మూట విప్పితే పైనున్న ఎర్రటి కాయల వంక కన్నెత్తి చూసేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునున్న కాయ బయటికి తీసేవాడు. బడికీ నాకూ పడక చిన్నప్పుడే ఆ కొట్లో చేరిన నాకూ అదే జబ్బు అంటింది. ఎవరైనా మిఠాయి చేతిలో పెడితే ముందు వాసన చూసేదాన్ని.

మా అక్క ఓణీల ఫంక్షన్‌కి ఫొటోలు తీయడానికి బజారులో స్టూడియో ఉన్న బాబాయి వచ్చాడు. వరసకే బాబాయి. రీలు ఖర్చవకుండా ఉత్త కెమెరాతో ఫ్లాష్ మాత్రం కొట్టి జనాన్ని మురిపిస్తారని ఫొటోలు తీసేవాళ్ళ మీద ఊళ్ళో ఓ అనుమానం ఉండేది.

ఆ రోజు మా తాతమ్మ, అంటే తాతయ్యను కన్నతల్లి, ఫొటోకు కూర్చుంది. ఫొటో దిగితే ఆయుష్షు తరుగుతుందని అన్నాళ్ళూ ఒప్పుకోని మనిషి, అక్క ఏడ్చి మొత్తుకుంటే ఒక్కటంటే ఒక్కటి దిగి, ఇక జన్మలో దిగనని ఒట్టు పెట్టుకుని లోపలికి పోయింది. ఆ వెంటనే కెమెరాలో రీలు ముందుకు జరిపే మీట బిగుసుకుపోయింది. రీలు అయిపోయిందన్నాడు బాబాయి.

తాతయ్య కళ్ళు చిన్నవయ్యాయి. "అయిపోయిందో, అసలు లేనేలేదో! మూత తియ్యవయ్యా, చూద్దాం."

"ఇప్పుడు తీస్తే వెలుతురు తగిలి బొమ్మలన్నీ పోతయ్ పెదనాన్నా. రీలు వెనక్కి చుట్టి డబ్బాలోకి పంపినాకే తియ్యాల."

"చుట్టినట్టు నటిస్తాడేమో తాతయ్యా," అని నేను ఎగదోశాను.

తాతయ్య కెమెరా లాక్కుని మూత సందున గోరు పెట్టాడు. లోపలి నుంచి తాతమ్మ కేక వేసింది. "ఒరేయ్, మళ్ళీ కూర్చోమంటే నేను కూర్చోను, ముందే చెప్తన్నా!"

గోరు ఆగింది. బాబాయి కోప్పడలేదు. "మూటలో చెయ్యి పెట్టి చూసే మనిషివిగా, దీన్నీ చేత్తోనే చూడు," అంటూ కెమెరా అడుగునున్న బొత్తాం నొక్కి, ఎడమ పక్కనున్న చిన్న పిడి మడత విప్పి తాతయ్య వేళ్ళకు అందించాడు. బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పాలట. పిడిని పైకి లాగితే మాత్రం మూత తెరుచుకుంటుందట. నా వైపు తిరిగి, "ఏమే, మీ తాత పైకి లాగితే చెయ్యి కొరుకు," అన్నాడు. అంత మంచి ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు.

తాతయ్య తిప్పాడు. మొహం మారింది. నా వేళ్ళు కూడా పిడి మీద పెట్టించాడు. లోపల ఎవరో కొస పట్టుకుని కూర్చున్నట్టు బిగువుగా ఉంది. ఖాళీ కెమెరాకి ఆ బిగువు రాదు. కాసేపటికి చిన్న గుంజుడు, తర్వాత పిడి వట్టిగా తిరగసాగింది.

"తెగింది!" అన్నాడు తాతయ్య.

"తెగలా. కొస వదిలింది. నమ్మకం లేనోళ్ళు ఇంకో రెండు చుట్లు తిప్పుకోవచ్చు."

తాతయ్య భోజనాలకు పిలిచేదాకా తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు బాబాయి మూత తెరిచి రీలు డబ్బా ఆయన అరచేతిలో పెట్టాడు. తాతయ్య దాన్ని చెవి దగ్గర ఆడించి, "ఇందులో మా అమ్మే ఉందని ఏంది నమ్మకం?" అన్నాడు. గొంతులో ఇందాకటి పదును మాత్రం లేదు.

ఫొటోలు కడిగి తెచ్చాక చూస్తే తాతమ్మ ఉంది. కెమెరాను దొంగను చూసినట్టు చూస్తూ ఉంది. ఆమెకున్న ఫొటో అదొక్కటే.

నా అనుమానం ఈ వయసుకీ పోలేదు. చెయ్యి ఎక్కడ పెట్టాలో మాత్రం తెలిసింది. ఇంట్లో ఎవరైనా మొహం ముడుచుకుని కూర్చుంటే, ఏంది సంగతి, చెప్తావా చెప్పవా అని మీదపడను. పక్కన చేరి ఏదో ఒక కబురుతో మెల్లగా కదిలిస్తాను. మొదట బిగుస్తారు. బిగిశారంటే లోపల ఏదో ఉన్నట్టే. ఆ పట్టు దానంతటది వదిలేదాకా కూర్చుంటాను. వదిలాక కూడా కాసేపు కూర్చుంటాను లెండి, నమ్మకం తక్కువ మనిషిని కదా.