పసుపు బటన్ గురించి ఎవరేమన్నారంటే

నేను డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న వేసవిలో మా మావయ్య తన రేడియో రిపేరు షాపులోకి ఒక వీడియో గేమ్ తెప్పించాడు. నూజివీడు బస్టాండుకు దగ్గర్లో ఆయనది రెండు గదుల కొట్టు. ముందు గదిలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. వెనక గది ఖాళీగా ఉండేది. విజయవాడలో ఇలాంటి మిషన్లు అద్దెకిచ్చే డీలరొకాయన, మామిడి రసాలు దింపి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో దాన్ని ఎక్కించి పంపాడు. బీరువా అంత పెట్టె. వరిగడ్డి పరిచి, దాని మీద పడుకోబెట్టి తెచ్చారు. నలుగురు పడితే గానీ దిగలేదు.

డీలరు ఒక షరతు పెట్టాడు. ఇలాంటి ఆట ఈ వైపు ఇంతకు ముందు ఎవరూ చూడలేదు కాబట్టి, ఆడినవాళ్లు ఏమనుకుంటున్నారో రాసిపెట్టాలట. జనానికి నచ్చితే మైలవరంలోనూ, ఇంకా చుట్టుపక్కల ఊళ్లలోనూ పెడతాడట. మావయ్య రాత మావయ్యకే అర్థం కాదు. అందుకని నన్ను పిలిచాడు. ఆడపిల్ల వెళ్లి ఆటల కొట్లో కూర్చోవడమేమిటని అమ్మ రెండు రోజులు ఒప్పుకోలేదు. తన తమ్ముడి కొట్టే కదా, కూర్చునేది కౌంటరు వెనకే కదా అని చివరికి సర్దుకుంది. మధ్యాహ్నం భోంచేసి వెళ్లాలి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేయాలి. అదీ ఒప్పందం.

ఆట గురించి నాకు అర్థమైనంత చెబుతాను. తెర మీద నల్లటి ఆకాశం, వెండి రంగు మేడలు, వాటి మధ్య ఒక రోడ్డు. రాబోయే కాలంలో పట్నాలు అలా ఉంటాయని కాబోలు. ఆ రోడ్డు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల వెలుగు గీతలు మన వైపు దూసుకొస్తుంటాయి. కింద తెల్ల గీతను తాకగానే ఆ రంగు బటన్ నొక్కాలి. సరిగ్గా నొక్కితే ఒక మోత మోగుతుంది. అన్నీ సరిగ్గా పడితే ఆ మోతలన్నీ కలిసి పాట అవుతాయి. అది వీణా కాదు, హార్మోనియమూ కాదు, పెళ్లి బ్యాండూ కాదు. కరెంటే పాడుతున్నట్టు ఉండేది. తప్పు నొక్కితే ఆ చోట పాటలో గొయ్యి పడేది.

మిగతాదంతా అయోమయమే. ఎలా ఆడాలో పెట్టె మీద అద్దం వెనక రాసుంది గానీ ఆ లిపి మాలో ఎవరికీ రాదు. చైనా వాళ్లదని కొందరు, జపాను వాళ్లదని కొందరు. ఆట అయిపోయాక తెర మీద మనకొచ్చిన అంకె పడి, ఇనుప ముఖం ఆడమనిషి ఒకతె వచ్చేది. ఒక్కోసారి నవ్వేది, ఒక్కోసారి తల పక్కకు తిప్పుకునేది. నవ్వితే గెలిచినట్టని మొదట్లో అందరూ అనుకున్నారు. ఎక్కువ అంకె వచ్చినవాళ్లకు తల తిప్పుకుని, ఏమీ రానివాళ్లకు నవ్వడం రెండు మూడుసార్లు జరిగాక, ఆమె వెక్కిరిస్తోందని వేరే వర్గం తయారైంది.

అవి మామిడి కోతల రోజులు. తోటల నుంచి బళ్లు, లారీలు దిగేవి. చాట్రాయి వైపు నుంచి కాయలు తెచ్చిన రైతులు బేరం తేలేదాకా బస్టాండు దగ్గరే తిరిగేవాళ్లు. వాళ్లలో చాలామంది మా కొట్లోకి వచ్చారు. వేళ్లకు అంటిన సొనతోనే బటన్లు నొక్కేవాళ్లు. రోజూ సాయంత్రం వాటిని కిరసనాయిలు గుడ్డతో తుడవడం నా పని అయింది. తుడిచాక నోట్‌బుక్కులో ఆ రోజు మాటలు రాసేదాన్ని. కళ్లు లాగుతున్నాయని ఒకరు, ఇంట్లో పెళ్లాం మాట వినే ఓపిక వచ్చిందని ఒకరు. పక్క కొట్టు మామిడి షావుకారు గారు మాత్రం ఒక్కసారి ఆడి, పాట దాని పాటికి అదే వస్తుందని, బటన్లు మన తృప్తి కోసం పెట్టారని తేల్చేశారు. నేనది కూడా రాశాను.

రోజూ వచ్చేవాళ్లు ఇద్దరు. ఒకాయన జి. కొండూరు నుంచి వచ్చే డోలు వాయిద్యగాడు. యాభై ఏళ్లుంటాయి. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఈ చుట్టుపక్కలే ఉండేవాడు. మధ్యాహ్నం ఖాళీ దొరికితే వచ్చి, మెడ మీద తువ్వాలు తీసి కౌంటరు మీద పెట్టి ఆడేవాడు. తెర వంక చూసేవాడు కాదు. తల కొంచెం వంచి నేల చూస్తూ కొట్టేవాడు. రెండో ఆయన హైస్కూలు లెక్కల మాస్టారు. ఆయనకు చెవితో పనే లేదు. ఎన్ని ఎరుపుల తర్వాత ఎన్ని నీలాలు వస్తాయో కాగితం మీద గళ్లు గీసి రాసుకుని, దాన్ని తెర పక్కన అంటించి ఆడేవారు. ఇద్దరికీ మంచి అంకెలే వచ్చేవి. ఒకరితో ఒకరికి పొసగేది కాదు. ఆయన గుడ్డిగా కొడుతున్నాడని మాస్టారు, ఈయన చెవిటిగా కొడుతున్నారని డోలాయన, ఎదురుగా కాదు గానీ నా దగ్గర అనేవాళ్లు.

నేను ఆడిందే తక్కువ. దానికో కారణం ఉంది. చిన్నప్పుడు ఆరేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఒకరోజు మా సంగీతం మాస్టారు నాన్నగారిని పిలిచి, అమ్మాయికి స్వరం ఉంది గానీ లయ లేదండీ, నిలవదు అని నా ముందే చెప్పారు. ఆ తర్వాత నేను వెళ్లలేదు. కొట్లో ఎవరూ లేనప్పుడు రెండు మూడుసార్లు ఆడి చూశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం బాగానే పడేవి. పసుపు వచ్చేసరికి గొయ్యి. మళ్లీ ఆడితే మళ్లీ అక్కడే గొయ్యి. నిలవదు అన్నది ఇదే కాబోలు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను ఆడుతుండగా డోలాయన వచ్చి వెనక నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. ఆట అయ్యాక అన్నాడు:

"మీరు చూసి కొడుతున్నారమ్మా. విని కొట్టండి. పసుపు దగ్గర ఒక దెబ్బ చాలదు. రెండేయాలి. తకిట కాదు, తక్కిట."

అలాగే వేశాను. ఒక్కోసారి మోగింది, ఒక్కోసారి మోగలేదు. సాయంత్రం లెక్కల మాస్టారిని అడిగాను. పసుపు అసలు నొక్కకూడదని, అది సున్నా లాంటిదని, దాన్ని వదిలేసి తర్వాతి రంగుకు సిద్ధంగా ఉండమని ఆయన చెప్పారు. తన గళ్ల కాగితంలో పసుపు గళ్లన్నీ ఖాళీగా ఉంచారు. నేను వదిలేసి చూశాను. గొయ్యి పడింది. అయినా మాస్టారికి అంకెలు ఎలా వస్తున్నాయో, డోలాయనకు ఎలా వస్తున్నాయో, నాకు ఏదీ ఎందుకు రావడం లేదో తెలియలేదు.

ఆ ఆదివారం నోట్‌బుక్కును మంచి రాతలో తిరగరాస్తుంటే ఒక సంగతి కనబడింది. నలభై మందికి పైగా చెప్పిన మాటల్లో దాదాపు అందరూ ఏదో ఒక రకంగా పసుపు గురించే చెప్పారు. పసుపు కలిసి రాదని ఒకరు. పసుపు గట్టిగా గుద్దాలని ఇంకొకరు. పసుపు పక్కకు నొక్కాలని వేరొకరు. ఎరుపు గురించి ఎవరూ ఏమీ అనలేదు. మావయ్యకు చూపించాను. సొన పట్టి ఉంటుందన్నాడు. నేనే రోజూ తుడుస్తున్నానని చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె వెనక చెక్క ఊడదీశాడు.

పసుపు బటన్ వెనక వైరుకు టంకం ఊడిపోయి ఉంది. ఊరికే ఆనుకుని ఉంది. నొక్కినప్పుడు తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. మావయ్య అయిదు నిమిషాల్లో టంకం పెట్టేశాడు. తర్వాత నన్ను ఆడమన్నాడు. పసుపు పడింది. ప్రతిసారీ పడింది. పాట మొదటి నుంచి చివరిదాకా గొయ్యి లేకుండా వెళ్లింది. ఆ రోజు సంతోషపడ్డానో లేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇన్ని రోజులూ తప్పు నాది కాదని తెలిసింది. అలాగని నాకు లయ ఉందని తేలిందా అంటే, అదీ తెలియలేదు.

మర్నాడు డోలాయన వచ్చి ఆడాడు. అలవాటు ప్రకారం పసుపు దగ్గర రెండు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బ తప్పుకింద లెక్కైంది. వరసగా మూడు ఆటలు పోయాయి. వైరు సంగతి నేను చెబితే చాలాసేపు పెట్టె వంక చూశాడు. తువ్వాలు మర్చిపోయి వెళ్లి, మళ్లీ వచ్చి తీసుకున్నాడు. మాస్టారికీ దెబ్బే తగిలింది. ఇప్పుడు పసుపు నొక్కినవాళ్లకు ఆయన కంటే ఎక్కువ అంకెలు వస్తుండడంతో, ఆయన కాగితంలో ఉన్న ఖాళీలన్నీ తప్పులని తేలింది. చెప్పకుండా బాగు చేయడం మంచి పద్ధతి కాదని ఆయన మావయ్య మీద కోపగించుకున్నారు.

వారం తిరిగేసరికి ఆడేవాళ్లు రెండు వర్గాలయ్యారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆట బాగుంది. పాతవాళ్లు బాగుచేయక ముందే బాగుందంటున్నారు. వాళ్లలో ముగ్గురు వచ్చి ఆ వైరు మళ్లీ ఊడదీయమని మావయ్యను అడిగారు. ఇరవై ఏళ్లుగా చెడినవి బాగుచేస్తున్న మనిషి ఆయన. బాగున్నదాన్ని చెడగొట్టమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ముఖం ఎర్రబడింది. ముందు గదిలోకి వెళ్లి, ఎవరిదో ట్రాన్సిస్టరు విప్పుకుని కూర్చున్నాడు. నేను నోట్‌బుక్కు తెరిచాను. ముందు రాసినవన్నీ కొట్టేయాలా, ఉంచాలా? అవి ఆట మీద అభిప్రాయాలా, ఊడిన టంకం మీద అభిప్రాయాలా? కొట్టేయలేదు. మధ్యలో ఒక గీత గీసి, పైన 'ముందు' అని, కింద 'తర్వాత' అని రాశాను.

డోలాయన పది రోజుల తర్వాత కనబడ్డాడు. ఈసారి ఆడలేదు. కౌంటరు దగ్గర నిలబడి, మైలవరంలో ఒక పెళ్లి సంగతి చెప్పాడు. తలంబ్రాల వేళ డోలు వాయిస్తుంటే ఒక దెబ్బ పడాల్సిన చోట చెయ్యి దానంతటదే రెండు వేసిందట. సన్నాయి ఆయన సన్నాయి నోట్లో ఉండగానే కళ్లెత్తి చూశాడట. ముప్పై ఏళ్లలో అలా ఎప్పుడూ జరగలేదన్నాడు.

"నాకు కోపం లేదండీ. కానీ నేను ఆడింది ఆటేనా, ఏంటి అది?"

పసుపు సంగతి మావయ్యకు చూపించింది నేనే అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

తొలకరి పడ్డాక, కోతలు ఆఖరవుతున్నప్పుడు, డీలరు తరఫున ఒక మనిషి వచ్చాడు. మావయ్య పసుపు బటన్ సంగతి అంతా చెప్పి, టంకం పెట్టిన చోటు చూపించాడు. ఆయన విని, పసుపు అలా టక్కున నొక్కేది కాదన్నాడు. పసుపు గీతకు తోక ఉంటుంది, ఆ తోక దాటేదాకా నొక్కి పట్టుకోవాలట. నొక్కి వదిలేస్తే సగమే లెక్కట. అద్దం వెనక రాసింది అదేనట. ఆయనకూ ఆ లిపి రాదు, మద్రాసులో ఎవరో చెప్పారట. తనే ఆడి చూపించాడు. పసుపు వచ్చినప్పుడు బటన్ నొక్కి పట్టుకున్నాడు. అప్పుడొక మోత వచ్చింది. సన్నగా మొదలై, సాగి, పైకి వెళ్లింది. మిగతా మోతలన్నీ దాని కిందకు చేరాయి. రెండు నెలలుగా ఆ గదిలో ఎవరూ విననిది అది. ఆఖర్న ఇనుప ముఖం ఆమె నవ్వనూ లేదు, తల తిప్పుకోనూ లేదు. కళ్లు మూసుకుంది.

మరి వైరు ఊడిన మాట అబద్ధమా అని మావయ్య అడిగాడు. అదీ నిజమే అయి ఉండొచ్చు, లారీ కుదుపులకు ఊడిందేమో అన్నాడాయన. అయితే రెండు దెబ్బలకు ఎలా మోగిందని నేను అడిగాను. ఆయన దానికి బదులు నోట్‌బుక్కు తీసుకుని నాలుగు పేజీలు తిప్పి అడిగాడు:

"ఇదంతా డీలరు గారు చదవరమ్మా. మొత్తం మీద బాగుందన్నారా, బాలేదన్నారా?"

"రోజూ వచ్చారండీ," అన్నాను.

ఆయన దాన్ని ఎలా తీసుకున్నాడో తెలియదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో ఒక మాట రాసుకున్నాడు. వారానికి లారీ వచ్చి పెట్టెను తీసుకుపోయింది. మైలవరంలో అలాంటిది పెట్టినట్టు నేను వినలేదు. నచ్చలేదని తీసుకెళ్లారో, నచ్చిందని ఇంకెక్కడికైనా పంపారో మాకెవరూ చెప్పలేదు. నోట్‌బుక్కు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

పెట్టె పోయిన రెండు రోజులకు డోలాయన వచ్చాడు. ఖాళీ గదిలోకి తొంగి చూసి వెనక్కి వచ్చాడు. పసుపు నొక్కి పట్టుకోవాలన్న సంగతి ఈసారి చెప్పాను. ఆ మోత ఎలా సాగిందో కూడా నోటితో అని వినిపించబోయాను గానీ నా వల్ల కాలేదు. ఆయన కౌంటరు చెక్క మీద నాలుగు వేళ్లతో ఆ పాట నెమ్మదిగా వేశాడు. పసుపు వచ్చే చోట చిటికెన వేలు ఆనించి, తీయకుండా ఉంచాడు.

"ఎంతసేపు పట్టుకోవాలండీ?"

"తోక దాటేదాకా అన్నారు."

"డోలు మీద సాగే దెబ్బ ఉండదమ్మా," అన్నాడు. "కొట్టామా, అయిపోయింది."

వేలు మాత్రం ఇంకాసేపు అలాగే ఉంచాడు. గుమ్మం దగ్గర మావయ్య ఎవరితోనో బ్యాటరీల గురించి మాట్లాడుతున్నాడు. బస్సు వేళైందని డోలాయన తువ్వాలు మెడ మీద వేసుకుని వెళ్లిపోయాడు.