లేసు ముడి, వెనక జడ

ఇవాళ పొద్దున మా అమ్మాయి గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుని ఆట బూట్ల లేసులు కట్టుకుంటోంది. కళ్ళు ఫోన్లో ఉన్నాయి, నోరు "అమ్మా, నా వాటర్ బాటిల్ ఏ ప్రెస్‌లో పెట్టావ్?" అని అడుగుతోంది. అలమరా మా ఇంట్లో ప్రెస్ అయిపోయి చాలాకాలమైంది లెండి. చేతులు మాత్రం కింద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పదహారేళ్ళ పిల్ల లేసు కట్టుకోవడం కూడా ఒక విశేషమేనా అంటారేమో. నాకు విశేషమే. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలకుండా చూస్తూ నిలబడ్డాను.

ఎనిమిదేళ్ళు వచ్చేదాకా దానికి లేసు కట్టడం రాలేదు. బంతి వేస్తే చేతుల్లోంచి జారిపోయేది, ఒక్క బొత్తాం పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. చేతికీ కంటికీ పొత్తు కుదరని పిల్లలు కొందరుంటారని, అది బద్ధకం కాదని నాకప్పటికి తెలీదు. తెలిసిన పని ఒక్కటే, అన్నీ నేనే చేసేసేదాన్ని. బొత్తాలు నేనే, లేసులు నేనే, చివరికి ముద్దలు కలిపి నోట్లో పెట్టేదీ నేనే. మేం వలస వచ్చి స్థిరపడ్డ ఈ పరాయి దేశపు ఊళ్ళో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో, మా వీధి తెలుగు ఇళ్ళన్నిట్లోనూ ఇదే వరస. సాయంత్రమయ్యేసరికి ప్రతి టీవీ ముందూ ఒక పిల్ల, ఆ పిల్ల వెనకే కంచంతో ఒక తల్లి. ప్రేమ అనుకునేవాళ్ళం, అందులో సగం తొందరేనని ఒప్పుకునేవాళ్ళం కాదు.

చిక్కు కమోగీతో వచ్చింది. వెడల్పాటి కర్రతో చిన్న బంతిని కొడుతూ ఇక్కడి ఆడపిల్లలు ఆడే ఆట. బంతి తగలకపోయినా మా పిల్ల ఆ ఆటంటే ప్రాణం పెట్టేది. ఒకరోజు ప్రాక్టీసులో లేసు ఊడితే, నేను అలవాటుగా మైదానం మధ్యలోకి పరిగెత్తి, తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని కట్టాను. తోటి పిల్లలంతా ఆట ఆపి చూశారు. కారెక్కాక అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "ప్లీజ్ డోంట్ కమ్ ఆన్ ద పిచ్, అమ్మా. ఐయామ్ నాట్ గోయింగ్ ఎనీమోర్," అంది. ఇంకో నెలలో దాని మొదటి మ్యాచ్. ఇష్టపడ్డ ఒక్క ఆటా నా మూలంగా మానేస్తుందా అని భయం పట్టుకుంది.

మా ఇంటి డాక్టరు, ఇక్కడి మాటలో జీపీ, పంపిన థెరపిస్ట్ చెప్పిన వైద్యంలో మందూ లేదు, మాకూ లేదు. లేసు కట్టే చేతుల వీడియో రోజూ చూపించాలి. తర్వాత పిల్ల కళ్ళు మూసుకుని, తన చేతులే కడుతున్నట్టు ఊహించుకోవాలి. అప్పుడు నిజం లేసు పట్టుకోవాలి. నేను ఉత్సాహం పట్టలేక తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మావారి చేత ఎదురుగా నిలబెట్టి పదకొండు వీడియోలు తీయించాను. థెరపిస్ట్ అన్నీ ఓపికగా చూసి, చీర చాలా బాగుందని, పిల్లకు మాత్రం కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయని చెప్పింది. తన చేతులు తనకెలా కనిపిస్తాయో అలా, భుజం మీదుగా తీయమంది. ఇంకో మాట కూడా అంది. పిల్ల కడుతున్నంతసేపూ నా చేతులు వెనక్కి పెట్టుకోవాలట.

అదీ అసలు కష్టం. పిల్ల కళ్ళు మూసుకుని గాల్లో వేళ్ళు కదిపేది, లేసు పట్టుకోగానే ముడి జారిపోయేది, నా చేతులు ఆగేవి కావు. పది రోజులు గడిచాక ఒక సాయంత్రం, వెనకున్న చేతులు ఊరుకోలేక నా జడ కొస విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాయి.

పిల్ల లేసు వదిలేసి నన్నే చూసింది. "హౌ డు యూ డూ దట్? యూ కాన్ట్ ఈవెన్ సీ ఇట్."

నా చేతులు ఆగిపోయాయి. నిజమే, ముప్పై ఏళ్ళుగా చూడకుండానే అల్లుతున్నాను. చిన్నప్పుడు మా అమ్మ అక్కకు జడ వేస్తుంటే పక్కన చేరి చూసేదాన్ని. తర్వాత నా వీపు మీద నేను అల్లుకునేటప్పుడు మనసులో కనిపించింది అక్క జడే.

"కళ్ళు మూస్తే కనిపిస్తుందే," అన్నాను.

"లైక్ మై లేసెస్?" అంది.

 థెరపిస్ట్ చెప్పిందీ, మా అమ్మ పీట మీద కూర్చుని చేసిందీ ఒకటేనన్నమాట. ఆ పూట వీడియో చూసి కళ్ళు మూసుకున్నది, ఎంతసేపటికో తెరిచి ఒక ముడి వేసింది. అది నిలిచింది. ఇద్దరం సోఫా మీద గెంతాం.

మ్యాచ్ రోజు సన్నగా జల్లు. ఆట మధ్యలో కుడికాలి లేసు ఊడింది. నా కాలు ముందుకు పడింది. పక్కనున్న కోచ్ తల తిప్పకుండానే, "షీ ఈజ్ గ్రాండ్," అన్నాడు, ఇక్కడివాళ్ళ మాటలో దానికేం ఫరవాలేదని. చేతులు వెనక్కి పెట్టుకుని జడ గట్టిగా పట్టుకున్నాను. పిల్ల గడ్డిలో చతికిలబడి కళ్ళు మూసుకుంది. ఆట దాని చుట్టూ సాగుతూనే ఉంది. కళ్ళు తెరిచి, కట్టేసి, నా వైపు చూడకుండా పరిగెత్తింది. బంతి ఆరోజూ తగల్లేదు. నేను మాత్రం గొంతు పోయేలా అరిచాను, మావారు నేనెవరో తెలీనట్టు దూరం జరిగారు.

ఇవాళ అది "బై" అని వెళ్ళిపోయాక చూసుకుంటే, నా చేతులు రెండూ వెనకే ఉన్నాయి. ఆ రోజు ఒక్క నిమిషం ఆగలేక అల్లాడిన ఈ చేతులు ఈ ఎనిమిదేళ్ళలో ఎప్పుడు ఆగడం నేర్చుకున్నాయో, అంత దగ్గరుండీ నేను చూడనేలేదు.