నర్సవ్వ వజ్రానికి కొత్త కోత

2001లో నన్ను మేడ్చల్ నుంచి శామీర్‌పేట్ వెళ్లే దారిలో ఉన్న వజ్రాల యూనిట్‌కు ప్లానింగ్ విభాగం అధిపతిగా వేశారు. రాయిని ఎక్కడ కోయాలో, ఏ కోణంలో అరగదీయాలో తేల్చేది ఆ విభాగమే. నేను గీత గీస్తేనే రాయి సానచక్రం ఎక్కేది. ఆ హోదాలో అక్కడికి వచ్చిన మొదటి ఆడమనిషిని నేనే.

బయటివాళ్ల పని మేం తీసుకోం. ఒక్కసారి మాత్రం తీసుకున్నాం. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి నర్సవ్వ అనే పెద్దావిడ, కొడుకు మల్లారెడ్డిని వెంటబెట్టుకుని వచ్చింది. యూనిట్ కట్టిన భూమి ఒకప్పుడు వాళ్లదే కాబట్టి మేనేజరు కాదనలేకపోయాడు. ఆమె తెచ్చింది తన తల్లి ఉంగరం. అందులో వెడల్పాటి రాయి, జీవం లేకుండా ఉంది.

"గాజుపెంకు అంటున్నరు బిడ్డా. మా అమ్మను మోసం జేసిన్రని మా ఆడిబిడ్డ నలుగుర్ల అన్నది. మా అమ్మ సచ్చేదాంక ఏలికెల్లి తియ్యలే. నిజమేందో నువ్వే జెప్పు" అంది.

రాయి వేడిని ఎంత త్వరగా లాక్కుంటుందో చూపే పరికరం ఆనించి చూశాను. లూప్ అనే చిన్న భూతద్దం కింద తిప్పి చూశాను. నిఖార్సయిన వజ్రం, రంగు కూడా మంచిది. ఆ మాట చెప్పగానే నర్సవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తప్పు కోతలో ఉంది. రాయిని ఉంగరం నుంచి విప్పించి పత్రిక మీద పెడితే కింది అక్షరాలు కనిపించాయి. వజ్రం అడుగు పలకలు అద్దాల్లా పనిచేయాలి. పైనుంచి వచ్చిన వెలుగు వాటికి తగిలి మళ్లీ పైకే రావాలి. అందుకు అవి నలభై ఒక్క డిగ్రీల దగ్గర వాలి ఉండాలి. అడుగు మరీ లోతైతే రాయి నడిమి నల్లబడుతుంది. మరీ చదునైతే వెలుగు కిందికి జారిపోయి గాజులా కనిపిస్తుంది. ఈ రాయిని కోసిన పాతకాలపు పనివాడు బరువు పోకూడదని అడుగును చదునుగా వదిలేశాడు.

మళ్లీ కోయొచ్చని, కానీ మూడో వంతు దాకా బరువు పోతుందని చెప్పాను. మల్లారెడ్డి ఉలిక్కిపడ్డాడు. "గంత పోతే ఇగ ఏం మిగుల్తది మేడం? బరువుతోనే గద ధర?"

బరువు ఒక్కటే కాదండీ, వెలుగుకీ ధర ఉంటుందన్నాను. ఇంకో సంగతీ దాచలేదు. రాయి అంచున సన్నని పగులులాంటి జీర ఉంది. చక్రం వేడికి అది పాకితే రాయి చీలుతుంది.

నర్సవ్వ నా వైపు తిరిగింది. "నీదైతే ఏం జేస్తవ్?"

"కోస్తానండీ."

"అయితే కొయ్యి. పెట్టెల వెట్టుకొని ఏడ్సుడెందుకు?"

నా హోదాలో ఉన్నవాళ్లు చక్రం ముందు కూర్చోరు. ఆ రాయికి మాత్రం నేనే కూర్చున్నాను. చుట్టుకొలత తగ్గించేటప్పుడు జీర ఉన్న వైపే ఎక్కువ పోయేలా గీత గీశాను. జీర పోయేదాకా రాయిని చక్రానికి ఆనించడం, వెంటనే తీసి చల్లార్చి లూప్‌తో చూడడం, ఇదే పని. ఒకసారి చక్రం మోత మారింది. జీర పాకిందేమోనని రాయిని వెంటనే పైకెత్తాను. తీసి చూస్తే జీర ఉన్నచోటే ఉంది. అది పూర్తిగా అరిగిపోయాక మిగతా పలకలు ధైర్యంగా తీర్చాను.

తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు నర్సవ్వ రాయిని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది. "గీ మెరుపంత లోపట్నే ఉండెనా బిడ్డా?" అని అడిగింది. ఉందని, బయటికి రావడానికి దారి లేకపోయిందని చెప్పాను.

మల్లారెడ్డి నగరంలో, వజ్రమని తేలాక కోతకు ఇచ్చేముందు ధర కట్టించిన దుకాణంలోనే మళ్లీ చూపించాడు. చిన్నదైన రాయికి వాళ్లు మునుపటికన్నా ఎక్కువ ధర కట్టారు. అమ్ముదామా అని అడిగితే తల్లి ఒప్పుకోలేదు. పాత ఉంగరంలోనే మళ్లీ పొదిగించి, ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యానికి అదే పెట్టుకుని వెళ్లిందట.

దాని తర్వాత నా విభాగంలో ఒక నియమం పెట్టాను: ప్లాన్ వేసేవాళ్లు ముందు కోణాలు రాయాలి, ఎంత బరువు మిగులుతుందన్నది ఆ తర్వాతే. రంగు, మచ్చ రాయితోపాటు వచ్చేవి. కోత ఒక్కటే మన చేతిలో ఉన్నది, తప్పు జరిగితే బాధ్యతా మనదే. నేను రిటైరయ్యే నాటికి కూడా ఆ నియమం అలాగే ఉంది.